దండెం మీద చొక్కాలు

ఎచార్ట్ వాళ్ల ఇంటి వెనక దండెం మీద ఆ సోమవారం కూడా రెండు మగ చొక్కాలు ఆరుతున్నాయి. ఒకటి గళ్లది, ఒకటి నీలం. పక్కనే ముతక పని ప్యాంటు. దాని తర్వాత ఆడవాళ్ల బట్టలు, తువ్వాళ్లు, ఒక దుప్పటి.

కొరీన్ వాటిని రెండు వందల అడుగుల పైనుంచి చూస్తోంది. తనేమో మట్టి రోడ్డు పక్కన ట్రక్కుకి ఆనుకుని నిలబడి ఉంది. పైన ఉన్నది డ్రోను. కరెంటు తీగల వెంబడి పోతూ ఎక్కడ ఇన్సులేటరు పగిలిందో, ఏ కొయ్య స్తంభానికి వడ్రంగిపిట్ట బొక్క పెట్టిందో ఆమె చేతిలోని తెర మీద చూపించడం దాని పని. ఎండాకాలం గడ్డి ఎండిపోయాక ఒక్క నిప్పురవ్వ రాలితే చాలు, లోయంతా తగలబడుతుంది. అందుకని పాతబడిన పద్నాలుగో నంబరు లైనుని వారానికోసారి చూడాలని కరెంటు సహకార సంఘం నియమం పెట్టింది. డ్రోను ఇప్పుడు తీగల దగ్గర లేదు. నాలుగు నిమిషాలుగా దండెం పైనే నిలబడి ఉంది.

"ఏమమ్మాయ్, స్తంభాలు జనం పెరట్లో కూడా మొలుస్తున్నాయా?" అన్నాడు గార్త్. ముప్పై ఏళ్లుగా లైన్‌మ్యాన్, ఇప్పుడు సంఘంలో లైన్‌మ్యాన్లందరికీ పెద్ద. ట్రక్కు తలుపు తెరిచిపెట్టి లోపల కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు.

"గాలి ఎటుందో చూస్తున్నా," అంది కొరీన్.

"చొక్కాల్ని బట్టా? మంచి పద్ధతే."

ఆమె డ్రోనుని తీగల దగ్గరికి తిప్పింది. రెండు వందల పన్నెండో స్తంభం. ఇన్సులేటరు అంచు పగిలింది. ఫొటో తీసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు మాత్రం దండెం దగ్గరే ఆగిపోయింది. ఇది మూడో సోమవారం. మూడుసార్లూ అవే చొక్కాలు. పెరట్లో ఒక ముసలావిడ. మగమనిషి ఎక్కడా కనబడలేదు. రెండో కారు లేదు. కట్టెలు మోసుకొచ్చేది ఆవిడే, చెత్త కాల్చేది ఆవిడే.

ఆ ఇంట్లో ఎవరుంటారని గార్త్‌ని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కొరీన్ అడగలేదు. అడిగితే ఎందుకంటాడు. ఆ ఎందుకు అన్నదానికి జవాబు రానివ్వకూడదనే కదా ఆమె ఇంత దూరం వచ్చింది.

తొంభై రోజుల పరీక్షా కాలంలో ఇంకా పన్నెండు రోజులే మిగిలాయి. ఆఖరి రోజున, అంటే వచ్చేవారం శుక్రవారం, గార్త్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. సైన్యం నుంచి బయటికొచ్చాక ఇది మూడో ఉద్యోగం. మొదటిది అమ్మకానికి పెట్టిన ఇళ్ల పైకప్పులు పైనుంచి ఫొటోలు తియ్యడం. ఇంటివాళ్లు ఎన్నింటికి బయటికెళ్తారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఫొటోల వెనక రాసేదని రెండు నెలల్లో మానిపించారు. రెండోది పెళ్లిళ్లకి వీడియో తియ్యడం. ఒక సరస్సు ఒడ్డున పెళ్లి జరుగుతుంటే, కార్ల దగ్గర పొడుగాటి సంచీ పట్టుకుని విడిగా నిలబడిన ఒక మనిషిని నలభై నిమిషాలు తీసింది. ఆ సంచీలో ఉన్నది గేలపు కర్ర. పెళ్లికూతురి తల్లి వీడియో చూసి, "అంతా బానే ఉంది గానీ, ఇందులో మా అల్లుడేడమ్మా?" అందట. ఈ సంగతి అక్క రొవీనా చుట్టాలందరికీ చెప్పి నవ్వించింది. కొరీన్ కూడా నవ్వింది. నవ్వి, ఆ రాత్రి తలుపు గడియ నాలుగుసార్లు చూసుకుంది.

సైన్యంలో తొమ్మిదేళ్లు చేసింది. దక్షిణాన ఎడారిలో, కిటికీల్లేని చల్లటి డబ్బా గదిలో కూర్చుని, భూమికి అవతలి వైపున్న ఊళ్ల మీద మనిషి లేని విమానం నడిపేది. గదిలో ఆమెతో పాటు ఇద్దరు ముగ్గురు. అందరూ మగవాళ్లే. ఎక్కువ పని చూడటమే. ఒక ఇంటిని చూపించి, ఇక్కడ ఎవరుంటారో, ఎప్పుడు లేస్తారో, ఎవరొస్తారో రాయమనేవాళ్లు. అలా ఒక ఇంటిని నలభై ఒక్క రోజులు చూసింది. మట్టిగోడల ఇల్లు, ముందు బల్లపరుపు వాకిలి, గోడకీ మల్బరీ చెట్టుకీ మధ్య కట్టిన తాడు. ఆ ఇంటావిడ బుధవారాలు బట్టలుతికేది. తాడు మీద ఆడబట్టలు, పిల్లల బట్టలు, వాటితో పాటు పొడుగాటి మగ చొక్కాలు రెండు. ఆ చొక్కాలు తొడుక్కునే మనిషి మాత్రం ఒక్కనాడూ వాకిట్లోకి రాలేదు.

ఇంట్లో పెద్ద మగవాళ్లు ఉన్నారా అని పైఅధికారులు అడిగారు. కొరీన్ రాసింది: పెద్ద మగమనిషి ఒకరు. కనిపించలేదు. బట్టలు ఉన్నాయి.

అది అబద్ధం కాదు. ఆమె ఒక్కతే రాసిందీ కాదు, ఇంకా ఎవరెవరో ఏవేవో రాసి ఉంటారు. రెండు రోజులకి ఆ ఇంటి మీద దాడికి ఉత్తర్వు వచ్చింది. అయ్యాక ఆరు గంటలు అక్కడే పైన తిరుగుతూ లెక్క పెట్టమన్నారు. లెక్క పెట్టింది. ఇరుగుపొరుగు వచ్చి దుప్పట్లలో మోసుకెళ్లారు. నాలుగు దుప్పట్లు. వాటిలో మగమనిషంత పొడవున్నది ఒక్కటీ లేదు.

ఆ సంగతి కూడా రాసింది. దాని గురించి తర్వాత ఎవరూ అడగలేదు. పని దిగి ఇంటికెళ్తూ పాలూ గుడ్లూ కొనుక్కుంది. ఇది జరిగి ఏడేళ్లు. అప్పటి నుంచీ ఆమెకి ఒకటే ప్రశ్న. చొక్కాలు ఎవరివి? లేని మనిషి చొక్కాలు ఒక ఆడది వారం వారం ఎందుకు ఉతుకుతుంది?

సోమవారం నాటి కాగితాలు మామూలుగా నింపి ఆఫీసులో ఇచ్చేసింది. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. లైను ఎవరి పొలంలోంచి పోతుందో వాళ్లకి తనిఖీ కాగితం నకలు పోస్టులో పంపుతారు. మనుషులు లోపలికొచ్చి బాగుచెయ్యడానికి మాకు అభ్యంతరం లేదని వాళ్లు సంతకం పెట్టి తిప్పి పంపాలి. కరెంటు వాళ్లది, సంఘం వాళ్లది. అడక్కుండా గేటు తియ్యడం మర్యాద కాదు.

శనివారం పొద్దున గార్త్ ఫోను చేశాడు.

"ఎచార్ట్ ఇంటి కాగితంలో ఏం రాశావమ్మాయ్?"

"రెండు వందల పన్నెండు. ఇన్సులేటరు మార్చాలి."

"దాని కింద. ఇతర విషయాలు అన్న గళ్లో."

"అక్కడేమీ రాయలేదే."

"రాశావు. చదువుతా విను. పెద్ద మగమనిషి ఒకరు. కనిపించలేదు. బట్టలు ఉన్నాయి."

ఆ మాటలు రాసినట్టు కొరీన్‌కి ఏమాత్రం గుర్తు లేదు.

"ఆ ఇంటావిడ గ్రాసియానా పొద్దున్నే ఫోను చేసి చెవులు చిల్లులు పడేలా తిట్టింది," అన్నాడు గార్త్. "మొగుడు బెర్నాట్ పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. గొర్రెల్ని కూడా అమ్మేసింది. ఎవరు రాశారో వాళ్లనే పంపించు, నా ఎదురుగా నిలబడి చెప్పాలంది. సోమవారం వెళ్లిరా. క్షమాపణ చెప్పి సంతకం తీసుకురా. ఆవిడ గురువారం సంఘం మీటింగుకొచ్చి ఈ కాగితం అందరి ముందూ చదివిందంటే, శుక్రవారం నీ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. నాకిష్టమైనా పెట్టలేను."

ఫోను పెట్టేసరికి రొవీనా ఎదురుగా ఉంది. స్కూలు బస్సు నడుపుతుంది, అందుకని గొంతు ఎప్పుడూ నలభై మంది పిల్లలకి వినిపించేలా ఉంటుంది.

"ఏం చేశావే ఈసారి?"

"ఏం లేదక్కా. ఒక ముసలావిడ ఇంట్లో లేని మనిషిని ఉన్నాడని రాశాను."

"బావుంది. నా ఇంట్లో కూడా ఒకణ్ణి ఉన్నాడని రాయి, కాస్త తోడుంటాడు." నవ్వబోయి చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది. పక్కన కూర్చుంది. "చూడు కొరీ. నువ్వు నా దగ్గరుంటే నాకేం బరువు కాదు. కానీ ఇది కూడా పోతే నువ్వింక గది దాటి బయటికి రావు. నాకు తెలుసు. ఆవిడ కాళ్లు పట్టుకుంటావో, వంటింట్లో గిన్నెలు తోముతావో నీ ఇష్టం. సంతకం తెచ్చుకో."

సోమవారం పది గంటలకి కొరీన్ ఎచార్ట్ వాళ్ల గేటు దాటింది. నేలమీంచి చూస్తే ఇల్లు వేరేగా ఉంది. పైనుంచి చదరంగా కనబడిన కప్పు నిజానికి ఒక పక్కకి ఒరిగింది. గుమ్మం దగ్గర చెప్పుల బల్ల మీద మగవాళ్ల బూట్లు ఒక జత. మడమల దగ్గర పచ్చి బురద. వాన పడి నెలన్నర అయింది.

"తుడుచుకుని రా," అని లోపల్నుంచి కేక వినిపించింది.

గ్రాసియానాకి ఎనభైకి దగ్గర. పొట్టిగా, గట్టిగా ఉంది. పొయ్యి మీద మాంసం, చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. బల్ల మీద ఇనప కుండలో కాల్చిన రొట్టె. ఆవిడ రొట్టెని తిరగేసి, కత్తిమొనతో అడుగున సిలువ గీసి, ఆ తర్వాత కొయ్యడం మొదలుపెట్టింది.

"నువ్వేనా నా ఇంట్లో మగాణ్ణి కనిపెట్టింది?"

"నేనేనండీ. క్షమించండి. పొరపాటున—"

"క్షమించడం తర్వాత. ముందు వాడెక్కడున్నాడో చూపించు. మూడేళ్ల నుంచీ కట్టెలు నేనే మోసుకుంటున్నా. ఉంటే కాస్త సాయం పట్టమందాం."

గ్రాసియానా ఆమెని ఎగాదిగా చూసి, కుర్చీ వైపు కత్తి చూపించింది.

"కూర్చో. ఏం చూసి రాశావు?"

"మీ దండెం మీద చొక్కాలు చూశాను. మనిషి కనబళ్లేదు."

"బెర్నాట్‌వి."

"ఎందుకు ఉతుకుతారండీ?"

ప్రశ్న బయటికొచ్చేసింది. క్షమాపణ చెప్పడానికి వచ్చిన మనిషి అడగాల్సింది కాదు. కానీ అది ఏడేళ్ల నుంచీ గొంతులో ఉంది. ముసలావిడ రొట్టె కోయడం ఆపింది.

"ఎందుకేంటి? నీకు మొగుడు లేడా?"

"విడిపోయాం."

"ఒక్కదానివే ఉంటున్నావా?"

"మా అక్కతో."

"అదీ సంగతి. అందుకే తెలియలేదు." ఆవిడ రొట్టె ముక్క ఆమె ముందుకి తోసింది. "ఇక్కణ్ణించి పక్కిల్లు తొమ్మిది మైళ్లు. రోడ్డు మీద ఎవడెవడో పోతుంటాడు. పోయేవాడు చూశాడంటే ఈ ఇంట్లో మగాడున్నాడు, జాగ్రత్తగా ఉండాలి అనుకోవాలి. అందుకే చొక్కాలు. బయట బూట్లు చూశావా? వారానికోసారి బకెట్లో మట్టి కలిపి పూస్తాను. శుభ్రంగా ఉంటే ఎవడు నమ్ముతాడు?"

కొరీన్ తల తిప్పి గుమ్మం వైపు చూసింది.

"మా అమ్మా ఇంతే చేసేది," అంది గ్రాసియానా. "నాన్న గొర్రెల్ని తోలుకుని కొండ మీదికెళ్తే నాలుగు నెలలు రాడు. ఉన్నవి రెండు చొక్కాలు. వేసుకెళ్లింది ఒకటి, అమ్మ వారం వారం తడిపి ఆరేసేది ఒకటి. ఇదేమైనా పెద్ద రహస్యమా? ఏ దేశంలో ఆడదానికైనా తెలుసు."

పొయ్యి మీద గిన్నె మూత టకటకమంటోంది. ఆ డబ్బా గదిలో మగవాళ్ల మధ్య తనొక్కతే ఆడది. నలభై ఒక్క రోజులు తాడు మీద బట్టలు చూసింది. ఒక్కసారైనా ఇది తట్టలేదు.

"సరే. ఇప్పుడు నా బాధ చెప్తా విను," అంది గ్రాసియానా. ఎప్రన్ జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. "నువ్వేం రాశావు? కనిపించలేదు అని రాశావు. ఈ కాగితం ఆఫీసులో పది చేతులు మారుతుంది. ఎచార్ట్ ఇంట్లో మగాడు లేడు, ఉత్త బట్టలే అని బెర్నాట్ పోయిన సంగతి తెలియనివాళ్లకి కూడా తెలిసిపోతుంది. మూడేళ్లు నేను పడ్డ పాటు నీ ఒక్క ముక్కతో పోయింది. అందుకే పిలిచాను. నాకు నీ క్షమాపణ అక్కర్లేదు. ఇది దిద్దు. కనిపించాడు అని రాయి. అంతే. నేను సంతకం పెడతాను, గురువారం మీటింగుకి రాను, నీ ఉద్యోగం నీకుంటుంది."

పెన్ను కూడా ఆవిడే ఇచ్చింది.

కొరీన్ పెన్ను తీసుకుంది. అడిగింది చిన్న విషయం. ముసలావిడ నిశ్చింతగా పడుకుంటుంది. అక్క ఊపిరి పీల్చుకుంటుంది. గార్త్ సంతకం పెడతాడు. ఆ అబద్ధం వల్ల ఈ లోకంలో ఎవరికీ ఏ నష్టమూ లేదు. పాత మాట కొట్టేసింది. దాని పైన రాయడానికి వంగింది. చెయ్యి కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది. కాగితం మీద పెన్ను మొన ఆనిన చోట సిరా చుక్క పెద్దదవుతోంది.

"ఏమైంది? చెయ్యి పట్టేసిందా?"

"నేను రాయలేనండీ."

"రాయడానికి నీకేం పోయింది?"

"ఒకసారి రాశాను," అంది కొరీన్.

ఆ తర్వాత చెప్పింది. ఇంతవరకూ అక్కకి కూడా చెప్పలేదు. సైన్యం డాక్టరు అడిగితే నిద్ర పట్టడం లేదని మాత్రం చెప్పింది. ఇప్పుడు చిక్కుళ్లు ఉడుకుతున్న వాసన మధ్య, ముక్కూ మొహం తెలియని మనిషికి, వరసగా, తనిఖీ కాగితం చదివినట్టు చెప్పింది. మట్టి గోడలు. తాడు. రెండు చొక్కాలు. రాసిన మూడు ముక్కలు. నాలుగు దుప్పట్లు, వాటి పొడవు.

గ్రాసియానా మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. "ఏ రోజు ఉతికేది?"

"బుధవారం."

ముసలావిడ లేచి గిన్నె పొయ్యి మీంచి దించింది. కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. అక్కణ్ణించి దండెం కనబడుతుంది. ఇవాళ్టి ఉతుకు అప్పటికే ఆరేసింది. గళ్ల చొక్కా, నీలం చొక్కా గాలికి పొట్ట ఉబ్బించుకుని ఊగుతున్నాయి. ఆవిడ వాటిని చూసి, తల పైకెత్తి ఆకాశం కూడా చూసింది. చాలాసేపు చూసింది.

"నా మీద కూడా అలాగే నిలబడ్డావా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"మూడు వారాలు."

"చప్పుడేమీ వినబళ్లేదు నాకు."

"వినబడనంత దూరంలోనే ఉంచుతామండీ."

ఇంకా ఏదో చెప్పాలని కొరీన్ నోరు తెరిచింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. పర్లేదని నా చేత అనిపించుకుందామని ఉంటే, అనను. నేను ఆవిణ్ణి కాను."

"అడగటం లేదండీ."

"మంచిది."

బల్ల దగ్గరికొచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది. 'ఇతర విషయాలు' అన్న గడి ఉన్న ముక్కని బల్ల అంచుకి ఆనించి, జాగ్రత్తగా, వంకర పోకుండా చింపింది. చింపిన ముక్కని పొయ్యిలో వేసింది. మిగతా కాగితం మీద అభ్యంతరం లేదన్న చోట తన పేరు పూర్తిగా రాసింది. అక్షరాలు బడిపిల్ల రాసినట్టు విడివిడిగా ఉన్నాయి.

"కింద చిరిగిందేమని గార్త్ అడిగితే ఎలక కొట్టిందని చెప్పు. ఆ ముక్కలో ఏమీ రాయకపోవడమే మంచిది. ఉన్నాడనీ వద్దు, లేడనీ వద్దు." కాగితం అందించి, "రొట్టె తిని వెళ్లు, కోశాను కదా," అంది. కొరీన్ తింది. ఆవిడ తినలేదు.

శుక్రవారం గార్త్ సంతకం పెట్టాడు. కరెంటు సంఘం ముద్రతో, ఆమె పేరు కుట్టిన మందపాటి కోటు ఒకటి చేతిలో పెట్టాడు. "ఎలక కొట్టిందట. గ్రాసియానా ఇంట్లో ఎలకలకి అంత ధైర్యం ఎక్కణ్ణించొచ్చిందో," అని ఊరుకున్నాడు. రొవీనా ఆ కోటు తొడుక్కుని వంటింట్లో అటూ ఇటూ నడిచింది. ఇద్దరూ కలిసి ఒక కేకు తిన్నారు. కొరీన్ ఆ రాత్రి గడియ రెండుసార్లే చూసుకుంది.

సోమవారం మళ్లీ పద్నాలుగో లైను. ఇన్సులేటరు మార్చాక ఎలా ఉందో ఫొటో తియ్యాలి. గార్త్ ట్రక్కులో శాండ్‌విచ్ విప్పుతున్నాడు. కొరీన్ డ్రోనుని తీగకి దగ్గరగా, ఇంటికి పెడగా నడిపింది. రెండు వందల పదకొండు. పన్నెండు. కొత్త ఇన్సులేటరు తెల్లగా మెరుస్తోంది. ఫొటో తీసింది. పదమూడుకి వెళ్లాలంటే పెరటి మూల మీంచి దాటక తప్పదు.

చూడకూడదనుకుంది. దాటేటప్పుడు చూసింది.

దండెం మీద తువ్వాళ్లున్నాయి. దుప్పటి ఉంది. ఎప్రన్లు రెండు, ఆడవాళ్ల మేజోళ్లు. ఎప్పుడూ చొక్కాలుండే ఈ చివర మాత్రం ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర బల్ల మీద కూడా ఏమీ లేదు. రోడ్డు మీద పోయేవాడు ఎవడైనా ఇప్పుడు ఒక్క చూపులో చెప్పగలడు, ఈ ఇంట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉంటుందని.

ఖాళీగా ఉన్న వైపు క్లిప్పులు మాత్రం తీసెయ్యలేదు. రెండు, కొంచెం ఎడంగా ఇంకో రెండు. ఒక్కో జత మధ్య మగవాడి భుజాలంత వెడల్పు.

"ఏమైనా ఉందా అక్కడ?" అని గార్త్ అడిగాడు.

కొరీన్ డ్రోనుని ముందుకి కదిలించింది. కాగితం తీసి ఒళ్లో పెట్టుకుంది. స్తంభం నంబరు రాసింది. బాగుంది అని రాసింది. ఇతర విషయాలు అన్న గడి మీద తన అరచెయ్యి పరిచి, చెయ్యి అక్కడే ఉంచి, కింద తేదీ వేసింది.

"ఏమీ లేదు," అంది.